ఎల్లారెడ్డి పెట్టెలో చాచా ఇంటి లైను

చాచా పోయాడని ఎల్లారెడ్డి నుంచి కబురు వచ్చేసరికి నేను కామారెడ్డి ఆఫీసులో ఆయన రాసిన పేర్ల ముందే కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది చాచీ తమ్ముడు. సాయంత్రం అసర్ నమాజు చేసుకుని ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు అడిగాడట. చాచీ నీళ్లు తెచ్చేలోపు గోడకు ఒరిగిపోయాడట. ఆస్పత్రి దాకా కూడా పోలేదు. ఆ మాట విన్నాక నేను చేసిన మొదటి పని చెబితే మీరు నవ్వుతారేమో. తెర మీద ఆయన ఇంటి ఇంటర్నెట్ లైను ఎట్లా ఉందో చూశాను. పచ్చగా ఉంది, అంటే నడుస్తోంది. మనిషి పోయాక కూడా లైను పచ్చగా ఉండటం చూసి నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. మా బాపు కామారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే రోజుల్లో పక్క మడిగెలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. చాచా అనడం అప్పటి అలవాటు. తర్వాత గల్ఫ్ పోయాడు. అక్కడ పెద్ద బిల్డింగుల్లో వైర్లు గుంజే పనిలో చేరి, ఆ వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టెల పని నేర్చుకుని, గడ్డం నెరిశాక తిరిగొచ్చి సొంతూరు ఎల్లారెడ్డిలో ఉండిపోయాడు. మా సేటు కేబుల్ టీవీ వ్యాపారాన్ని ఇంటర్నెట్‌లోకి మార్చుకునే రోజులవి. చాచాను పిలిపించి పనంతా ఆయనకు అప్పజెప్పాడు. డిగ్రీ చదివి ఏ పనిలోనూ కుదురుగా నిలవని నన్ను, బాపు మాట మీద, చాచా తన పక్కన కుర్చీ వేయించి కూర్చోబెట్టుకున్నాడు. బాపు ఆయనకు నా గురించి ఏం చెప్పాడో గానీ, చాచా నాతో అన్న మొదటి మాట ఇది.

"నీకు నోరు ఎక్కువ అని విన్న బేటా. ఈడ పెట్టెలు మాట్లాడ్తయి. మనం ఇనాలె."

పెట్టెలు మాట్లాడటం ఉత్త మాట కాదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా, అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు మా లైన్లు పోతాయి. ఒక్కో చోట ఒక పెట్టె ఉంటుంది. దానికి వరసగా పోర్టులుంటాయి, అంటే వైరు పెట్టే రంధ్రాలు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో ఇంటికో దుకాణానికో వైరు పోతుంది. ఆఫీసులో ఉన్న కంప్యూటరు కొంచెంసేపటికోసారి ప్రతి పెట్టెనూ పలకరిస్తుంది. నీ పోర్టుల్లో ఏది బతికుంది, ఏది పడిపోయింది, దేని గుండా ఎంత పోయింది, ఎంత వచ్చింది అని అడుగుతుంది. పెట్టె ఓపిగ్గా జవాబు చెబుతుంది. ఈ పలకరింపు పద్ధతిని ఎస్‌ఎన్‌ఎంపీ అంటారు. పలకడానికి నాలుక తిరగదు గానీ, పని మాత్రం పొద్దున్నే వాడంతా తిరిగి అందరి మంచీచెడూ అడిగే ముసలమ్మ పనే. ఆ జవాబులన్నీ మా తెర మీద గీతలుగా పడతాయి.

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. పెట్టె తన పోర్టులను నంబర్లతో లెక్క చెబుతుంది. ఆ నంబర్లు ఎవరో ఇచ్చినవి కావు, తనకు తాను ఇచ్చుకున్నవి. కరెంటు పోయి మళ్లీ లేచినప్పుడో, లోపల కార్డు ఒకటి మార్చినప్పుడో కొన్ని పెట్టెలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటాయి. నిన్న ఒక ఇంటికున్న నంబరు ఇవాళ పక్కింటిదవుతుంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. పక్కింటి గీతను తీసుకొచ్చి ఈ ఇంటి పేరు కింద గీస్తూ పోతుంది. చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పడిపోయిన లైను నడుస్తున్నట్టుంటుంది, నడిచే లైను పడిపోయినట్టుంటుంది.

అందుకే చాచాకు నంబర్లంటే పడేది కాదు. పెట్టె ఇచ్చుకునే నంబరు ఒకటి, పోర్టు మీద కంపెనీ వాళ్లు వేసిన గుర్తు ఒకటి, ఇవి కాక ప్రతి పోర్టుకూ మనం సొంతంగా నాలుగు మాటలు రాసుకునే చోటు ఒకటుంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మరీ బుద్ధిమంతులైతే వీధి పేరు రాస్తారు. చాచా ఆ జాగాను తన పొలం లెక్క చూసుకునేవాడు. కంప్యూటరు కూడా నంబరును పట్టుకుని పోకుండా, ప్రతిసారీ ఆ మాటలు చదివి పోర్టును గుర్తుపట్టేలా కుదిర్చి పెట్టాడు.

అయితే ఆయన అందులో బిల్లు కట్టే మనిషి పేరు రాసేవాడు కాదు. "లైను పోతే ఎవరి పానం కొట్టుకుంటదో, ఆళ్ల పేరు రాయి" అనేవాడు. కొత్త లైను ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ చాయ్ తాగే వంకతో కాసేపు కూర్చునేవాడు. ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరు ఏ కబురు కోసం ఎదురుచూస్తారు అన్నీ కనుక్కుని వచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టేవాడు. బీడీల అవ్వ, మస్కట్ మనుమడు. కుట్టుమిషన్ అక్క, హాస్టల్ బిడ్డ. మిల్లు గుమాస్తా, బిచ్కుంద అత్తగారు. ఈ చివరిది చూసి నేను పడీపడీ నవ్వాను. అత్తగారి ఫోన్ రాకపోతే ఎవరైనా ఏడుస్తారా అని అడిగితే, పెళ్లి చేసుకో, చెప్త అన్నాడు. సేటుకు మాత్రం ఈ పద్ధతి కంట్లో నలుసులా ఉండేది. బిల్లు అవ్వ పేరు మీద కొట్టాలా, మనుమడి పేరు మీద కొట్టాలా అని ఎన్నిసార్లు విసుక్కున్నాడో లెక్కలేదు. చాచా నవ్వి ఊరుకునేవాడు గానీ ఒక్క అక్షరం మార్చేవాడు కాదు.

ఆ పట్టుదల ఎక్కడిదో ఒక వానాకాలం సాయంత్రం తెలిసింది. కామారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. ఎల్లారెడ్డి బస్సు రాలేదు. ఆయన చాయ్‌ని సాసరులో పోసుకుని, ఆరేదాకా దాన్నే చూస్తూ, నేను అడగకుండానే చెప్పాడు.

గల్ఫ్‌లో ఒకసారి ఆయనకు పైనుంచి ఆర్డరొచ్చింది. ఫలానా నంబరు పోర్టు ఎవరూ వాడటం లేదు, ఆపెయ్యి అని. ఆయన నంబరు చూశాడు, ఆపాడు, అన్నం తినడానికి పోయాడు. ఆ ముందురోజే ఆ పెట్టె ఒకసారి ఆగి లేచిన సంగతి ఆయనకు తెలియదు. నంబర్లు జరిగిపోయాయి. ఆగిపోయింది కూలీల క్యాంపు లైను. ఆ క్యాంపులో జుక్కల్ దిక్కు మనిషి ఒకడున్నాడు. ఊళ్లో తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని పొద్దుననే తెలిసి, ఆమె మొఖం ఒక్కసారి ఫోన్‌లో చూపిస్తామంటే పనికి కూడా పోకుండా గదిలో కూర్చున్నాడు. లైను మళ్లీ వచ్చేసరికి ఊళ్లో తల్లిని మట్టి చేయడం కూడా అయిపోయింది.

"ఆయన నన్ను ఒక్క మాట అనలే బేటా. అంటే బాగుండు. లైను పోతది గద, ఎవలేం జేస్తరు అన్నడు. ఆ పోర్టు మీద ఆయన పేరు రాసి ఉంటే నా చెయ్యి ఆగు గద."

అంతే చెప్పాడు. సాసరులో చాయ్ చల్లారిపోయింది. రుమాలు చివరతో కళ్లద్దాలు తుడుచుకుని, బస్సొచ్చిందేమో చూడమన్నాడు. బస్సు రాలేదని నాకు తెలిసినా లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

తర్వాత మా ఆఫీసులో ఒక ఆచారం పడిపోయింది. ఏ లైనైనా ఆపే ముందు నంబరు చూడాలి, గుర్తు చూడాలి, రాసిన పేరు చదవాలి. ఇవన్నీ కలిసినా సరే, మనిషి పోయి ఆ ఇంటి తలుపు కొట్టి రావాలి. వైర్లు చేతులు మారతాయి, పేరు కూడా ఒక్కోసారి తప్పుతుంది, తలుపు తప్పదు అనేది ఆయన వాదన. బిల్లు కట్టక ఆపాల్సిన లైన్లకు కూడా అంతే. తలుపు కొట్టడానికి పోయినవాడు ఆ ఇంటి గోడు విని లైను ఆపకుండానే తిరిగొచ్చేవాడని, చాచా తెచ్చిన ఆచారం దుకాణం మూయించేలా ఉందని సేటు తలపట్టుకునేవాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

పనిలో ఆయనకు తొందర ఉండేది కాదు, నాకు అదే ఎక్కువ. ఏదైనా పోర్టు ఎర్రబడితే నేను కుర్చీలోంచే చాచా చాచా అని అరిచేవాణ్ని. ఆయన వరండాలో నిలబడి గల్ఫ్‌లో ఉన్న బిడ్డకు ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపుతుండేవాడు. ఒక్కతే బిడ్డ. పెళ్లయి అల్లుడితో వెళ్లినప్పటి నుంచి దినం తప్పకుండా ఒక మాటల మూట పంపాల్సిందే. ఎదురుగా మాట్లాడితే బిడ్డ ఏడుస్తది, ఇట్లయితే తీరుబడిగ ఇంటది అనేవాడు. ఏడ్చేది బిడ్డ ఒక్కతే కాదని నాకు తెలుసు. ఎన్నోసార్లు ఆ రికార్డు మధ్యలో నా అరుపులు పడుంటాయి. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు.

మట్టి ఇచ్చిన రోజు ఎల్లారెడ్డి వెళ్లాను. బజార్లో సగం మంది వచ్చారు. బీడీల అవ్వ కూడా వచ్చి దూరంగా గోడ పక్కన కూర్చుంది. మా లైన్ల మీద పేర్లుగా చదివిన మనుషులు నిజంగా నడిచొస్తుంటే ఒక్కొక్కరినీ పోల్చుకుంటూ నిలబడ్డాను. నేను కూడా అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేసి, చేతులు కడుక్కోకుండానే బస్సెక్కాను.

అప్పటి నుంచి ఆఫీసులో నేను ఒక్కణ్నే. నిజంగా ఒక్కణ్నేనా అంటే చెప్పలేను. పొద్దున తెర వెలిగించగానే ఆయన మాటలు వరసగా లేచి వస్తాయి. చనిపోయినవాళ్ల చేతిరాత మీరు కూడా చూసే ఉంటారు. అది ఎక్కడో పెట్టెలో కాగితం మీద ఉంటుంది, కావాలంటే తీస్తాం, లేకుంటే లేదు. ఇక్కడట్లా కాదు. కంప్యూటరు ఊళ్లలోని పెట్టెలను అడుగుతూనే ఉంటుంది, పెట్టెలు ఆయన కొట్టిన మాటలనే తిరిగి చెబుతూనే ఉంటాయి. మస్కట్ మనుమడు. హాస్టల్ బిడ్డ. బిచ్కుంద అత్తగారు. ఆయన నోటి వెంట వచ్చినట్టే వస్తాయి. ఒకరోజు మధ్యాహ్నం ఏదో పోర్టు ఎర్రబడితే చాచా అని పిలిచి, నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను. ఆయన నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. దాన్ని నొక్కలేను, తీసెయ్యలేను. ఆయన ఇంటి గీత ఉండే చోటికి వచ్చేసరికి తెర మీద కళ్లు పక్కకు తిప్పుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇట్లా ఉండగా సేటు ఒక పని చెప్పాడు. ఎల్లారెడ్డిలో చాచా వాళ్ల గల్లీలోనే ఒకాయన కొత్త దుకాణం పెట్టాడు, లైను కావాలి. ఆ పెట్టెలో పోర్టులన్నీ నిండిపోయాయి. చాచా ఇంటికి తాళం వేసుందని లైన్‌మన్ చూసొచ్చాడు. తండ్రి పోయినప్పుడు వచ్చిన బిడ్డ, తిరిగిపోతూ తల్లిని వెంట తీసుకుపోయి ఉంటుందని అందరం అనుకున్నాం. ఉత్త ఇంటికి లైను ఎందుకు, ఆ పోర్టు తీసి దుకాణానికి ఇచ్చెయ్ అన్నాడు సేటు. చెప్పేటప్పుడు ఆయన కూడా నా మొఖం చూడలేదు.

కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఆ సాయంత్రం కూర్చుని, ఇన్నాళ్లూ చూడని ఆ గీతను తెరిచాను. చదునుగా ఉంటుందనుకున్నాను. లేదు. కదులుతోంది. వెనక్కి జరిపి చూస్తే రోజూ కదులుతోంది. పొద్దంతా నేలకు అతుక్కుని పడుంటుంది, అసర్ వేళకు లేస్తుంది, కొంచెంసేపు ఉండి మళ్లీ పడుకుంటుంది. తాళం వేసిన ఇంట్లో, చాచా ప్రాణం పోయిన వేళకే.

భయపడలేదని చెప్పను. కుర్చీలోంచి లేచి బయట రోడ్డు మీద మనుషులను చూసి మళ్లీ వచ్చి కూర్చున్నాను. అప్పుడు చాచా నేర్పిన చదువు గుర్తొచ్చింది. ఆ మధ్యే ఎల్లారెడ్డి పెట్టెలో కార్డు ఒకటి మార్చాం, పెట్టె ఆగి లేచింది. నంబర్లు జరిగి ఉంటాయి. పక్కింటివాళ్ల గీత చాచా ఇంటి కింద పడుతోంది, అంతే అనుకున్నాను. ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. పెట్టెను నేరుగా అడిగాను. నంబర్లు నిజంగానే జరిగాయి. కానీ మా కంప్యూటరు నంబరును కాదు, రాసిన పేరును వెతుక్కుని మరీ సరైన పోర్టునే పట్టుకుంది. పోర్టు మీద గుర్తు కూడా సరిపోయింది. ఇక రాసిన మాటలు చదివాను. తెర మీద ఆ చోటు గుర్తే గానీ, ఆయన తన ఇంటి లైను మీద ఏం రాసుకున్నాడో అప్పటిదాకా నేనెప్పుడూ చదవలేదు.

చోటీ అమ్మీ, అని ఉంది. బిడ్డను ఇంట్లో పిలిచే పేరు చోటీ. చాచీని ఆయన పిలిచేది అట్లానే, చోటీ వాళ్లమ్మ అన్నట్టు, చోటీ అమ్మీ అని. తన పేరు ఎక్కడా లేదు.

అన్నీ కలిశాయి. అంటే ఆ గీత ఆ ఇంటిదే. ఇక మిగిలింది తలుపు కొట్టడం ఒక్కటే.

మర్నాడు బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా సేటుకు ఏం చెప్పాలో ఆలోచించాను, దాటాక ఆ ఇంట్లో ఏం కనిపిస్తుందో ఆలోచించాను. చాచా ఇంటి వీధి తలుపుకు నిజంగానే తాళముంది. తాళం మీద దుమ్ము ఉంది. ఆయన చెప్పినట్టే తలుపు కొట్టాను. తాళం వేసిన తలుపు కొడుతున్న నన్ను చూసి గల్లీలో కూరగాయల బండి ఆగింది. మళ్లీ కొట్టాను. లోపలి నుంచి దగ్గు వినిపించింది.

తలుపు తెరుచుకోలేదు గానీ, పక్క సందులోంచి చాచీ మరదలు తొంగిచూసి, గిటు రా అన్న, అని పిలిచింది. రెండిళ్లకూ వెనుక వాకిలి ఒక్కటే. అప్పుడు గానీ మా తెలివితక్కువతనం నాకు తెలియలేదు. చాచీ ఎక్కడికీ పోలేదు. భర్త పోయిన ఆడమనిషి ఇద్దత్ గడువు తీరేదాకా ఆయన ఇంటి గడప దాటదు, పరాయి మగవాళ్ల ముందుకు రాదు. పరామర్శకని ఎవరుపడితే వాళ్లు లోపలికి వచ్చేస్తున్నారని తమ్ముడే వీధి తలుపుకు తాళం వేశాడు. బిడ్డ రమ్మన్నా చాచీ పోలేదు. ముప్పొద్దులా ఆ గల్లీ వెంట తిరిగే లైన్‌మన్‌కూ, చిన్నప్పటి నుంచి వాళ్ల మధ్య పెరిగిన నాకూ ఇది తట్టలేదు.

వెనుక వరండాలో కుర్చీ వేశారు. గదికీ వరండాకూ మధ్య పచ్చటి తెర వేలాడుతోంది. తెర అవతల చాచీ. చాయ్ వచ్చింది, యోగక్షేమాలు అయ్యాయి. మా బాపు మోకాళ్ల నొప్పుల గురించి కూడా అడిగింది. నేను వచ్చిన పని చెప్పలేక నసుగుతుంటే ఆమే అంది.

"లైను తియ్యనీకి వచ్చినవా బేటా?"

అసర్ వేళ లైను ఎవరు వాడుతున్నారో చూడడానికి వచ్చానన్నాను. చాచీ మెల్లగా చెప్పింది. చాచా ఇన్నేళ్లుగా పంపిన మాటలన్నీ బిడ్డ తన ఫోన్‌లో దాచుకుంది. ఈయన మాత్రం ఫోన్ నిండిపోతుందని పంపినవి పంపినట్టే తుడిపేసేవాడు. ఇప్పుడు బిడ్డ రోజూ ఫోన్ చేసి, అందులోంచి ఒకటి తల్లికి వినిపిస్తుంది. ఆ మట్టిగోడల ఇంట్లో సెల్ సిగ్నల్ అందదు, ఈ లైను మీదే నడవాలి.

నా బుర్రలో పనివాడు ఊరుకుంటాడా. అన్నీ ఒకేసారి తెప్పించుకుని మీ ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు కదా చాచీ, లైను అక్కర్లేదు కదా, నేను పెట్టిచ్చి పోతా అన్నాను.

"బిడ్డ గూడ గదే అన్నది. నేనే వద్దన్న. అన్ని నా దగ్గరుంటే ఒక్క దినంల కూసొని అన్ని ఇని అయిపోగొడ్త. బిడ్డ దగ్గరుంటే దినానికొకటి వస్తది. ఆయన ఇంటికి వచ్చినట్టుంటది." ఇంకో మాట అంది, "ఆయన పోయిన యాళ్లకు ఈ ఇల్లు నన్ను మింగుతది బేటా. గందుకే ఆ యాళ్లకే పెట్టుమన్న. తప్పో ఒప్పో అల్లాకే ఎరుక."

నేను తల వంచుకుని చాయ్ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎన్నో లైన్లకు ఆయన పేర్లు రాశాడు. వాటిలో ఏదైనా పోతే ఎవరి ప్రాణం కొట్టుకుంటుందో నాకు తెలుసనుకున్నాను. నిజంగా తెలిసింది ఆ రోజే.

"తీసేస్తవా?" అంది మళ్లీ.

"తియ్య చాచీ."

వాకిట్లోకి వచ్చి సేటుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కొత్త దుకాణానికి మెయిన్ రోడ్డు మీది పెట్టె నుంచి వైరు గుంజుకుందాం, దూరమైతే అయింది అన్నాడు. ఆ పోర్టును ఎవరూ ముట్టకుండా చూడు అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట చాచీకి చెప్పాను. తెర అవతల నుంచి దువా చేస్తూ దీవిస్తున్న సన్నటి శబ్దం వచ్చింది.

ఇక బయల్దేరుతానని లేచేసరికి మసీదు మైకులో అసర్ అజాన్ మొదలైంది. చాచీ కూర్చోమంది. నమాజు చేసుకుని వచ్చినట్టుంది, లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి ఫోన్ మోగింది. గల్ఫ్ నుంచి చోటీ గొంతు సలాం చెప్పింది. కామారెడ్డి నుంచి మన పిల్లగాడు వచ్చిండు అని చాచీ చెబితే ఆమె ఏదో అని నవ్వింది. తర్వాత, ఈ దినం ఏది వస్తదో సూద్దాం అమ్మీ అంది. ఎంచుకోకుండా కళ్లు మూసుకుని ఒకటి నొక్కుతుందట రోజూ.

కొంచెం గరగర. ఆ వెంటనే చాచా గొంతు.

ఆ గొంతు విని ఎన్నాళ్లయింది. ఫోన్‌లో కాదు, తెర అవతల ఆ గదిలోనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. బయట ముసురు పట్టిందంటున్నాడు. కామారెడ్డిలో చాయ్ కూడా చల్లగా వస్తుందంటున్నాడు. మీ అమ్మీ పొద్దున కట్టిచ్చిన కూరలో ఉప్పు మరిచింది, నేను చెప్పలే, నువ్వు గూడ చెప్పకు బేటీ అంటున్నాడు. తెర అవతల చాచీ ఒక్కసారి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగింది. చాచా ఏమీ ఎరగనట్టు వానను గురించి చెబుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆయన వెనుక నుంచి, దూరంగా, ఓపిక లేని గొంతుతో ఎవరో అరిచారు. చాచా, ఈ పోర్టుకు పేరు లేదు, ఆపెయ్యనా అని. ఆ అరుపు నాది. ఆఫీసు వరండాలో వాన చప్పుడు మీదుగా, ఎప్పటిదో నా గొంతు, ఆయన ఎప్పటికీ అక్కడే ఉంటాడన్న ధీమాతో పిలుస్తోంది.

వాన గురించిన మాట మధ్యలోనే ఆగింది. చెప్పులు ఇటు తిరిగిన చప్పుడైంది.

"ఆగు బేటా, వస్తున్న."

పచ్చటి తెర ఫ్యాను గాలికి కొంచెం కదిలింది. పెద్దవాళ్లు వస్తుంటే లేచినట్టు, నేను లేచి నిలబడ్డాను.